ఆఖరి చెయ్యి

పాత కారు రిపేరుకొచ్చిన ప్రతి షెడ్డులోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ తగాదా వస్తుంది. బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. మెకానిక్ పానా వేస్తాడు, కదలదు. ఇంకొంచెం బలం పెడతాడు. టప్పుమని తల ఊడి చేతికొస్తుంది, మొండెం ఇంజన్‌లోనే ఉండిపోతుంది. దాన్ని బయటికి తీయాలంటే డ్రిల్లు వేయాలి, లేదా దానిమీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పాలి. అదీ కుదరకపోతే లేత్ షాపుకు మోసుకెళ్లాలి. సగం రోజు పోతుంది. ఆ సగం రోజు కూలి ఎవరు భరించాలి? ఓనరు, "నువ్వే కదా ఇరగ్గొట్టింది" అంటాడు. మెకానిక్, "అది ఎప్పుడో పోయింది సార్, నేను చెయ్యేశానంతే" అంటాడు. 

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అదే ఇందులో చిక్కు.

బయటికి ఇది కొన్ని వందల రూపాయల బేరం. లోపల ఉన్న ప్రశ్న మాత్రం చాలా పెద్దది. ఎన్నో చేతులు, ఎన్నో ఏళ్లు కలిసి చేసిన నష్టం ఒకానొక క్షణంలో బయటపడుతుంది. ఆ క్షణంలో అక్కడున్న చెయ్యి దానికి ఎంతవరకు జవాబుదారీ?

ఈ ప్రశ్నను హనుమంతునిపాడులాంటి చోట పెట్టి చూడాలని నాకనిపిస్తుంది. నగరంలో పాత కారంటే చాలామందికి సరదా. అంబాసిడర్‌ను కొని, పాలిష్ పట్టించి, ఆదివారం పూట బయటికి తీసి ఫొటోలు దిగుతారు. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల పాత కారు పనిలో ఉన్న కారు. మారుతి 800, ఓమ్నీ, సుమో, జీపు ఏదైనా సరే, అది పొద్దున ఎవరినో ఆసుపత్రికి తీసుకెళ్లాలి, సాయంత్రం పెళ్లికి జనాన్ని దింపాలి. మారుతి 800 తయారీ ఆగింది 2014లో, అంబాసిడర్ ఆగిందీ అదే ఏడాది. సొంత కారు రిజిస్ట్రేషన్‌కు మొదట పదిహేనేళ్ల గడువు, తర్వాత ఐదైదేళ్లు పొడిగించుకుంటూ పోవాలి. అట్లా పొడిగించుకుంటూ వచ్చిన బండి షెడ్డుకొచ్చిందంటే, దాని ఓనరు చేతిలో ఇంకో బండి లేనట్టే. అక్కడ విరిగే బోల్టు ఒక మనిషి రేపటి రోజును కూడా ఆపేస్తుంది.

నిజానికి ఇది ఎండిన సీమ. ఇక్కడ తుప్పు తక్కువుండాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్ల బళ్లతో పోలిస్తే తక్కువే. కానీ సెకండ్‌హ్యాండ్ బండి తన పాత ఊరిని వెంటేసుకొని వస్తుంది. చెన్నైలోనో విశాఖలోనో పదేళ్లు తిరిగిన కారు కింద పడుకొని చూస్తే, ఆ ఉప్పు గాలి అడుగు భాగమంతా రాసిపెట్టి ఉంటుంది. పెయింటు కొత్తగా వేయించొచ్చు, సీటు కవర్లు మార్చొచ్చు, మీటరు వెనక్కి తిప్పేవాళ్లూ ఉన్నారు. బోల్టులు మాత్రం బండి ఎక్కడ బతికిందో దాచవు. ఇక కనిగిరి వైపు అనగానే అందరికీ ఫ్లోరైడ్ నీళ్లు గుర్తొస్తాయి. తుప్పుకు ఫ్లోరైడ్‌తో పెద్ద పని లేదు గానీ, ఉప్పదనం ఉన్న బోరునీళ్లతో పదే పదే కడిగిన బండి సందుల్లో ఆ లవణాలు మిగిలిపోతాయి. తడి తగిలినప్పుడల్లా తుప్పును తొందర పెడతాయి. ఎంత ఎండిన ఊరైనా సైలెన్సర్ దగ్గరి స్టడ్లకు ఆ లాభం దక్కదు. రోజూ ఎర్రగా కాగి, చల్లారి, మళ్లీ కాగే చోట ఇనుము తొందరగా తినేయబడుతుంది.

తుప్పు బోల్టును ఎందుకు పట్టేస్తుందో తెలిస్తే తగాదా సగం అర్థమవుతుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు తాను ముందు ఆక్రమించిన చోటుకు రెండు రెట్ల నుంచి ఆరు రెట్ల దాకా ఎక్కువ చోటు కావాలంటుంది. స్లాబులో చువ్వలు తుప్పు పట్టి సిమెంటు పెచ్చులూడేది ఇందుకే. బోల్టుకూ నట్టుకూ మధ్య మరల్లో ఉండే సందు వెంట్రుక మందం. అందులో పుట్టిన తుప్పు ఎటూ పోలేక తనకు తానే మేకులా దిగబడుతుంది. బయట మాత్రం బోల్టు సన్నబడుతూ ఉంటుంది. అంటే ఒకపక్క పట్టు పెరుగుతోంది, ఇంకోపక్క దాన్ని విడిపించాల్సిన ఒంట్లో బలం తరుగుతోంది. 

దీనికి ముందే బిగింపు కథ ఒకటుంది. బోల్టు బిగించడమంటే దాన్ని సాగదీయడం. సాగిన స్ప్రింగులా అది వెనక్కి లాక్కుంటుంది కాబట్టే రెండు భాగాలు కలిసుంటాయి. ఇంజనీర్లు చెప్పే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది. మనం పానా మీద పెట్టే బలంలో దాదాపు 50 శాతం బోల్టు తల కింద రాపిడికి, 40 శాతం మరల్లో రాపిడికి పోతాయి. అసలు బోల్టును సాగదీసేది మిగిలిన 10 శాతమే. అందుకే చెయ్యికి తెలిసే బిగువు నమ్మదగింది కాదు. "ఊడిపోకూడదు" అన్న భయంతో పానాకు పైపు తగిలించి, దానిమీద కాలేసి తొక్కినవాడు బోల్టును తిరిగిరానంతగా సాగదీసి ఉండొచ్చు. టైర్ల షాపులో గాలి గన్నుతో నిమిషంలో బిగించేసినవాడూ అంతే. 

ఇప్పుడు విరిగిన బోల్టు వెనక ఎన్ని చేతులున్నాయో లెక్కపెట్టొచ్చు. ఫ్యాక్టరీలో బిగించినవాడు. పైపేసి తొక్కినవాడు. తల మీద సైజుకు సరిపోని పానా వేసి మూలలు అరగదీసినవాడు. "ఇప్పుడెందుకులే" అని సర్వీసు వాయిదా వేసిన మొదటి ఓనరు. విషయం చెప్పకుండా అమ్మిన రెండో ఓనరు. సముద్రం, నీళ్లు, ఏళ్లు. వీళ్లలో ఎవరూ ఇప్పుడు షెడ్డులో లేరు. ఉన్నది ఒక్కడే. ఊడిన తల అతని చేతిలో ఉంది.

*

అలాగని ఆఖరి చేతికి చేయగలిగింది ఏమీ లేదనడం కూడా తప్పు. తెలిసిన చెయ్యి ముందు పానా తీయదు. వైర్ బ్రష్ తీస్తుంది. బయటికి కనిపించే మరల మీది పొక్కులు గీకుతుంది, ఎందుకంటే నట్టు ఆ దారెంబడే బయటికి రావాలి. తర్వాత నూనె. స్ప్రే డబ్బా ఉంటే స్ప్రే, లేకపోతే డీజిలో కిరసనాయిలో. వత్తి నూనెను పీల్చుకున్నట్టు సన్నటి సందు దాన్ని లోపలికి లాక్కుంటుంది, కాకపోతే దానికి టైం పడుతుంది. ఆ తర్వాత సుత్తితో తల మీద చిన్న చిన్న దెబ్బలు. తుప్పు పెళుసు కాబట్టి ఆ అదురుకు పగుళ్లిస్తుంది. నూనె ఆ పగుళ్లలోకి దిగుతుంది. పానా కూడా ఏదంటే అది పనికిరాదు. ఆరు మూలల్నీ పట్టుకునే బాక్సు పానా కావాలి. రెండు అంచులే పట్టుకునే మామూలు పానా మూలలు అరగదీసి తలను గుండ్రంగా చేసేస్తుంది.

మొదటి కదలిక విప్పే వైపు ఉండకపోవడం ఇందులో నాకు నచ్చే విషయం. అనుభవమున్న మెకానిక్ ముందు కొంచెం బిగించే వైపు నెడతాడు. తుప్పు పట్టు ఎటు తిప్పినా తెగుతుంది. ఒక్క నూలంత కదిలితే చాలు, ఇక ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. ఏ వైపు తిప్పాలో తెలియడం కూడా విద్యే. పాత విల్లీస్ తరహా జీపుల్లో ఎడమవైపు చక్రాల నట్లకు మరలు తలకిందులు. అవి తెలియనివాడు విప్పుతున్నాననుకొని బిగిస్తూ పోతాడు, బలం చాలడం లేదని పైపు తెస్తాడు.

ఇవేవీ పనిచేయకపోతే గ్యాస్. చుట్టూ ఉన్న నట్టును వేడి చేస్తే అది వ్యాకోచించి పట్టు సడలిస్తుంది. పక్కన పెట్రోలు పైపుందా, రబ్బరు బుష్షుందా, ఇందాక కొట్టిన స్ప్రే ఇంకా తడిగా ఉందా అని చూసుకోవాలి. దానికీ లొంగకపోతే ఉలి, కట్టింగు. ఇక్కడ ఒక వరస ఉంది. నట్టును కోసి స్టడ్డును కాపాడు. స్టడ్డు పోయినా సరే హెడ్డును కాపాడు. దొరికేదాన్ని వదులుకో, దొరకనిదాన్ని నిలబెట్టుకో. కోయడం ఓటమి అని ఎవరూ అనుకోరు. ఏది కోయాలో తెలియకుండా కోస్తేనే నవ్వుతారు.

రాబర్ట్ పిర్సిగ్ 1974లో రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్'లో ఇలాంటి స్క్రూ ఒకటుంది. గాడి అరిగిపోయి, ఎటూ రాని ఒక్క స్క్రూ మొత్తం బైకును ఆపేస్తుంది. పుస్తకాల్లో దొరకని పరిష్కారం కోసం మనసు ఖాళీ చేసుకొని నిలబడాల్సిన ఆ క్షణం, ఆయన దృష్టిలో, నిజంగా నేర్చుకోవడం మొదలయ్యే క్షణం. ఆ పేజీలు నాకిష్టమే. అయితే ఆ బైకు రైడరుది, ఆ సెలవులు రైడరువి. చిక్కుకుపోవడం అతనికి ధ్యానం కాగలిగింది అందుకే. షెడ్డులో బండి ఒకరిది, చెయ్యి ఇంకొకరిది, తొందర మూడోవాడిది. "రాత్రంతా నాననిద్దాం" అని మెకానిక్ అంటే, ఆ రాత్రి ఖరీదు ఓనరు కట్టాలి. ఓపిక అనేది ఒక మనిషి గుణంగా మాట్లాడుకుంటాం. చాలా చోట్ల అది ఎవరికి కొనుక్కునే స్తోమత ఉందన్న లెక్క. ఓపిక పట్టడానికి టైం ఇవ్వకుండా, ఓపిక పట్టలేదని మెకానిక్‌ను తిట్టడం అన్యాయం.

*

ఇంతకంటే పెద్ద అన్యాయం ఇంకొకటుంది. ఇనుము విషయంలో మంచి తెలివి అయిన ఆ వరస, చవకైనదాన్ని వదులుకొని ఖరీదైనదాన్ని కాపాడే వరస, మనుషుల దగ్గరికొచ్చేసరికి అలాగే వాడేస్తాం. బోల్టు విరిగితే ఓనరు మేస్త్రీని అంటాడు. మేస్త్రీ పక్కన పానాలందించే కుర్రాణ్ని అంటాడు. షెడ్డులో అందరికంటే చవగ్గా దొరికే నట్టు ఆ కుర్రాడే. వాణ్ని కోసేస్తే మిగతా అందరూ మిగులుతారు.

షెడ్డు దాటి చూసినా ఇదే. 2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్ స్టేషన్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. 290 మందికి పైగా చనిపోయారు. ఆ రోజు అక్కడ లెవెల్ క్రాసింగ్ గేటు మార్పిడికి సంబంధించిన సిగ్నల్ పని జరిగింది. తర్వాత ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన కారణాల్లో ఆ పనిలో జరిగిన లోపాలతో పాటు, గతంలో ఎప్పుడో సిగ్నల్ సర్క్యూట్ మార్చినప్పుడు జరిగిన లోపాలు కూడా ఉన్నాయి. జులైలో ముగ్గురు రైల్వే సిబ్బంది అరెస్టయ్యారు. వాళ్ల బాధ్యత ఎంతన్నది తేల్చాల్సింది కోర్టు. నేను గమనిస్తున్నది ఒక్కటే. గతంలోని చేతుల్ని వెతకడం కష్టం, ఆ రోజు డ్యూటీలో ఉన్న చేతుల పేర్లు మాత్రం రిజిస్టర్‌లోనే ఉంటాయి. విచారణ ఏదైనా సులువుగా దొరికే వైపే ముందు నడుస్తుంది.

అయితే, ఆఖరి చేతికి ఏ బాధ్యతా లేదని తీర్పు చెప్పేసి లేచిపోదామా? బెర్నార్డ్ విలియమ్స్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1976లో ఇక్కడే ఒక అడ్డం వేశాడు. ఒక లారీ డ్రైవరు తన తప్పేమీ లేకుండానే ఒక పిల్లాణ్ని గుద్దేశాడనుకోండి. అందరం అతణ్ని ఓదారుస్తాం, నీ తప్పు లేదంటాం. అనడం సరైనదే. కానీ అతను ఆ ఓదార్పుకు తక్షణం తలూపి, "అవును, నా తప్పేం లేదు" అని టీ తాగడానికి వెళ్లిపోతే? మనకు అతనిలో ఏదో లోటు కనిపిస్తుంది. తప్పు లేకపోయినా, అది తన చేతి మీదుగా జరిగిందన్న బాధ ఒకటి ఉండాలి. దారిన పోయే చూపరి బాధకూ దానికీ తేడా ఉంది. అదే ఏడాది థామస్ నేగెల్‌తో కలిసి ఆయన లేవదీసిన ఈ చర్చకు నైతిక అదృష్టం అని పేరు. ఒకేలాంటి నిర్లక్ష్యం చేసిన ఇద్దరిలో, ఎవరి ముందు పిల్లాడు రోడ్డు దాటాడో వాడొక్కడే హంతకుడవుతాడు. పైపేసి తొక్కిన చేతులు వంద ఉండొచ్చు. ఎవరి వంతులో బోల్టు విరిగిందన్నది అదృష్టం.

బోల్టు చిన్న విషయం, నిజమే. కానీ దాని దగ్గర ఈ సంగతి తేటగా కనిపిస్తుంది. విరిగిన బోల్టు మెకానిక్ నేరం కాదు. అతని పని మాత్రం అవుతుంది. ఈ రెంటికీ మధ్య తేడాను మంచి షెడ్లు ఏ తత్వశాస్త్రం చదవకుండానే పాటిస్తాయి. చెయ్యి వేయకముందే మెకానిక్ ఓనరును పిలిచి చూపిస్తాడు: "అన్నా, ఇదిగో సూడు, ఇది ఇరిగేట్టుంది. ఇరిగితే ఇంత పనవుద్ది. వెయ్యమంటావా, రేపటిదాకా నాననిద్దామా?" ఆ ఒక్క మాటతో బోల్టు ఇద్దరిదీ అవుతుంది. తర్వాత విరిగినా అది మోసం కాదు, ఇద్దరూ తెలిసి ఆడిన పందెం. విరిగాక మొండెం బయటికి తీసేదాకా అతను అక్కడే ఉంటాడు. ఓనరు వైపు నుంచీ ఒక ధర్మం ఉంది. చెప్పించుకొని ఒప్పుకున్నాక, "నువ్వే ఇరగ్గొట్టావు" అనకూడదు. పోయిన టైముకు డబ్బివ్వాలి. అన్నీ తెలిసీ ఏమీ చెప్పకుండా పైపు తగిలించిన మెకానిక్‌కు మాత్రం నేను ఏ మినహాయింపూ ఇవ్వను. అతను బోల్టుతో పాటు ఓనరుకు ఎంచుకునే వీలు కూడా విరగ్గొట్టాడు.

*

తగాదా ఎప్పుడూ విప్పే దగ్గరే జరుగుతుంది కాబట్టి నీతి కూడా అక్కడే వెతుకుతాం. నా అనుమానం, మనం తప్పు చోట వెతుకుతున్నామని.

మనవాళ్లు కర్మను మూడుగా చెప్పారు. ఎప్పటినుంచో పోగుపడిన సంచితం, ఇప్పుడు అనుభవానికొచ్చిన ప్రారబ్ధం, ఇప్పటి చేతలతో ముందుకు జమయ్యే ఆగామి. పాత కారుకు ఈ లెక్క బాగానే సరిపోతుంది. మరల్లో చేరిన తుప్పు సంచితం, విరిగిన తల ప్రారబ్ధం. ఒక్క చోట మాత్రం సరిపోదు. కర్మ సిద్ధాంతంలో చేసినవాడే అనుభవిస్తాడు. బోల్టు దగ్గర చేసినవాడొకడు, అనుభవించేవాడు వేరొకడు. ఇద్దరికీ ముఖపరిచయం కూడా ఉండదు. కాబట్టి నీతి ఎక్కువ అవసరమయ్యేది ఆగామి దగ్గర, అంటే బిగించేటప్పుడు. 

బిగించే చెయ్యికి సాక్షులు లేరు. అరిగిన నట్టునే మళ్లీ వేశాడా, కొత్తది వేశాడా ఎవరూ చూడరు. మరలు బ్రష్‌తో తుడిచాడా, వంకరగా ఎక్కిన మరను వెనక్కి తీసి సరిగ్గా పట్టించాడా లేక బలంతో లోపలికి తోసేశాడా, ఇవేవీ బిల్లులో రావు. మరలకు కాస్త గ్రీజు రాస్తే పదేళ్ల తర్వాత ఎవరో ఒకరికి సగం రోజు మిగులుతుంది. అయితే ఇదీ గుడ్డిగా చేసేది కాదు. గ్రీజు రాస్తే రాపిడి తగ్గి, అంతే బలానికి బోల్టు మరింత సాగుతుంది. చక్రాల నట్లను చాలా కంపెనీలు పొడిగానే బిగించమంటాయి. రేపు విప్పేవాడి సుఖం కోసం ఇవాళ బండెక్కేవాడి ప్రాణం మీదికి తేకూడదు. ఇద్దర్నీ తలచుకొని బిగించడమే పనితనం.

విప్పేవాడిని అసలు తలచుకోకపోవడం ఒకటి, అతను రాకూడదని కోరుకోవడం ఒకటి. రెండోది మన జేబుల్లోనే ఉంది. 2010 దశకం మొదట్లో ఆపిల్ తన ఫోన్ల అడుగున మామూలు స్క్రూడ్రైవర్లకు లొంగని ఐదు రేకుల స్క్రూలు పెట్టింది. బ్యాటరీని జిగురుతో అతికించడం ఇప్పుడు దాదాపు అన్ని కంపెనీలకూ మామూలైంది. ఇక్కడ పట్టేసింది తుప్పు కాదు, ఒక నిర్ణయం. ఆ ఫోను విప్పుతూ తెర పగలగొట్టిన వీధి చివరి రిపేరు షాపు కుర్రాడితో మనం ఆడే తగాదా, షెడ్డులో ఓనరు ఆడే తగాదా ఒకటే. ఆఖరి చెయ్యి మీద అరుస్తాం. మొదటి చెయ్యి ఎక్కడో చాలా దూరంలో ఉంటుంది, దానికి మన అరుపు వినపడదు. 

మనం రాసే కోడు, పెట్టే సంతకం, వేరేవాళ్లకు అప్పగించి వెళ్లే ఫైలు, పిల్లలకు చెప్పకుండా దాచే అప్పు, ఇవన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో విప్పాల్సిన బిగింపులే. ఆ రోజు మనం అక్కడ ఉండం. వాళ్ల చేతిలో ఏదైనా విరిగితే వాళ్ల పేరే రిజిస్టర్‌లో పడుతుంది.

ఈ పనిలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సరిగ్గా బిగించినందుకు ఎవరూ కృతజ్ఞత చెప్పరు. పదేళ్ల తర్వాత హనుమంతునిపాడులో ఒక కుర్రాడు మారుతి 800 కింద దూరి, బాక్సు పానా వేసి, కొంచెం బలం పెడతాడు. బోల్టు కిర్రుమని ఒక్కసారి మూలిగి, తర్వాత వేళ్లతో తిప్పినా వచ్చేస్తుంది. మరల మీద నల్లబడిన పాత గ్రీజు చారికలుంటాయి. కుర్రాడు వాటిని గుడ్డతో తుడిచి బోల్టును పళ్లెంలో పడేసి, తర్వాతి దానికి వెళ్తాడు. ఓనరు టీ తాగి వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది. ఆ షెడ్డులో ఆ పూట తగాదా జరగదు.